రాజమహేంద్రవరంలో అమ్మానాన్నలకు ఊరి బయట విల్లా మేలా, ఊళ్లో గది మేలా?

డెబ్బై దాటిన తల్లిదండ్రుల కోసం హైవే పక్కన కట్టిన కొత్త సీనియర్ లివింగ్ విల్లా తీసుకోవాలా, ఊళ్లో ట్రస్టు నడిపే గదుల్లో చేర్చాలా అని అడిగారు. మా అమ్మానాన్నల కోసం రెండు రకాలూ చూసి, మేము ఊళ్లోనే చేర్చాం.

విల్లాలు నిజంగానే బాగున్నాయి. చెట్ల నీడన నడక బాట, చిన్న గుడి, గ్రంథాలయం. నాన్నగారికి ఎంతో నచ్చాయి. కానీ రాత్రి పూట ఎవరుంటారని అడిగితే, కాపలాదారు ఉంటాడు, నర్సు ఫోనులో అందుబాటులో ఉంటుంది అన్నారు. అమ్మకు గుండె జబ్బు. గుండెపోటు వస్తే క్యాథ్‌ల్యాబ్ (గుండె రక్తనాళాల్లో అడ్డు తీసే గది) ఉన్న ఆసుపత్రికి ఎంత త్వరగా చేరితే అంత మేలు. హైదరాబాదులో అలాంటివి అన్ని వైపులా ఉంటాయి. మన ఊళ్లో ఉన్నవి కొన్నే. బ్రోచరులో రాసిన దూరాన్ని నమ్మకండి. సాయంత్రం రద్దీలో అక్కడి నుంచి ఆసుపత్రి గుమ్మం దాకా కారులో వెళ్లి చూడండి.

ఇంతకన్నా ముఖ్యమైన విషయం ఒకటుంది. అడగనిదే దాన్ని ఎవరూ చెప్పరు. మనిషి మంచాన పడితే, మతిమరుపు ముదిరితే ఏం చేస్తారు? మేము చూసిన ఒకచోట, తమ పనులు తాము చేసుకోగలిగినంత కాలమే ఉండనిస్తామని ఒప్పందంలో రాసి ఉంది. అది చదివి అన్నయ్యా నేనూ బయటికి వచ్చేశాం. సాయం అవసరమైన రోజునే తీసుకుపొమ్మంటే అక్కడ చేర్చడం ఎందుకు? ఆయాను పెట్టుకోనిస్తారా, ఆమెకు భోజనం, పడక ఎక్కడ, ఆ ఖర్చు ఎవరిది అన్నవన్నీ కాగితం మీద రాయించుకోండి.

డబ్బు సంగతికొస్తే, కొనే ఇల్లయితే ఏపీ రెరా (ఇళ్ల ప్రాజెక్టులను నియంత్రించే రాష్ట్ర సంస్థ) వెబ్‌సైటులో ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ చూసుకోండి. డిపాజిట్ కట్టే చోటయితే అది ఎప్పుడు తిరిగి ఇస్తారో, నెల ఖర్చు ఏటా ఎంత పెంచుతారో, ఇద్దరిలో ఒకరు పోతే రెండోవారిని అదే గదిలో ఉంచుతారో లేదో తేల్చుకోండి. కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో రిటైర్మెంట్ హోమ్‌లకు నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. స్నానాల గదిలో పట్టుకునే కడ్డీలు, జారని నేల, వీల్‌చైర్ పట్టే తలుపులు అన్నీ అందులో ఉన్నాయి. చూడటానికి వెళ్లేటప్పుడు ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.

ట్రస్టు గదులు ఇరుకే. కూరల్లో ఉప్పూ కారమూ తక్కువని నాన్నగారు ఇప్పటికీ అంటారు. అయినా సాయంత్రం పుష్కర ఘాట్ దాకా వెళ్లి పాత స్నేహితులతో కూర్చుంటారు. ఏటా పింఛను కోసం లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలన్నా బ్యాంకు దగ్గరే. అమ్మతో కలిసి పనిచేసిన టీచర్లు దారిలో ఆగి పలకరించి వెళ్తారు. ఊరి బయట ఉంటే ఇన్నిసార్లు ఎవరు వస్తారు?

ఉన్న ఇల్లు ఇప్పుడే అమ్మకండి. అద్దెకిచ్చి, ఒక ఏడాది అక్కడ ఉండి చూడనివ్వండి. చేర్చేముందు ఒకసారి చెప్పకుండా రాత్రి భోజనాల వేళకు వెళ్లండి. మేనేజరు లేనప్పుడు మీ అమ్మగారిని అక్కడి ఆడవాళ్ల దగ్గర కాసేపు కూర్చోబెట్టండి. అర్ధరాత్రి బెల్లు నొక్కితే ఎవరు వస్తారో, అసలు వస్తారో రారో వాళ్లే చెబుతారు.