అమ్మలూ, ఆ మీనింగుల పుస్తకం వేయించకు

చిరంజీవి అమ్మలుకు అత్త ఆశీస్సులు.

సత్యనారాయణపురంలో మేడ మీద ఇంగ్లీషు క్లాసులు మొదలుపెడుతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మన ఇంట్లో ఇంకో టీచరమ్మ అని మురిసిపోయాను. ఆ వెంటనే దిగులు పట్టుకుంది. ఫ్యాన్లు, కుర్చీలు, బోర్డు నువ్వు చూసుకోగలవు. గొంతు చించుకోకు, వేణ్ణీళ్లు తాగుతూ ఉండు. నా బెంగంతా నువ్వు ప్రింటు వేయించబోయే పుస్తకం గురించే. ఒక గడిలో ఇంగ్లీషు మాట, పక్క గడిలో తెలుగు అర్థం అని విన్నాను.

ఒక్క ‘గ్యాదర్’ తీసుకో. పక్క గడిలో ఏం రాస్తావు? పోగుచేయు అనేగా! పూలనైతే మనం కోస్తాం. సమాచారమైతే సేకరిస్తాం. ధైర్యమైతే కూడగట్టుకుంటాం. మూలా నక్షత్రం రోజు ఇంద్రకీలాద్రి కింద జనం గుమిగూడతారు, అక్కడ ఆ క్రియకు కర్మే ఉండదు. కృష్ణ బ్రిడ్జి దాటిన రైలు వేగం పుంజుకుంటుంది. మబ్బులు కమ్ముకుంటాయి, అటక మీద పుస్తకాలకు దుమ్ము పేరుకుంటుంది, టైలరమ్మ లంగాకి కుచ్చులు పెడుతుంది. ఇంగ్లీషువాళ్లు వీటన్నిటికీ గ్యాదర్ అనే అంటారు. పిల్లలకి ఈ తెలుగంతా ఇంట్లో వచ్చిందే కదా, దాన్ని వాడుకో. ఏ మాటనీ ఒంటరిగా ఇవ్వకు, దాని పక్కన వచ్చే మాటతో జతచేసి ఇవ్వు.

‘కలెక్ట్’ దగ్గరా కాసేపు ఆగు. చెల్లాచెదురుగా ఉన్నవి ఒకచోటికి చేరితే గ్యాదర్. ఒక ఉద్దేశంతోనో, పద్ధతిగానో, హక్కుగానో తీసుకుంటే కలెక్ట్. అద్దెని కలెక్ట్ చేస్తారు, గ్యాదర్ చేయరు. 1772లో వారన్ హేస్టింగ్స్ కలెక్టరు పదవి పెట్టినప్పుడు శిస్తు వసూలే ఆ కొలువులో ముఖ్యమైన పని. గ్రూప్స్‌కి చదివే పిల్లలకి ఈ ముక్క చెప్పు, ఇక మర్చిపోరు.

ఇక మీ నాన్న నీకెప్పుడూ చెప్పి ఉండని సంగతి. డిగ్రీ అయ్యాక వాడు కొన్నాళ్లు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టుకి టిక్కీల లెక్క, అంటే మిర్చి బస్తాల లెక్క రాశాడు. అప్పుడే ఒక బ్యాంకు పరీక్ష పాసై ఇంటర్వ్యూకి వెళ్లాడు. బోర్డులో పెద్దాయన కాగితాలు చూస్తూ మామూలుగానే, “ఐ గ్యాదర్ యు వర్క్ ఇన్ ద చిల్లీ మార్కెట్” అన్నాడట. మిర్చి మార్కెట్లో పనిచేస్తున్నట్టున్నావే అని. మీ నాన్నకి బడిలో బట్టీ పట్టించిన అర్థం ఒక్కటే. “నో సర్, ఐ డోంట్ గ్యాదర్ చిల్లీస్, ఐ రైట్ అకౌంట్స్” అన్నాడు. ఎవరో గట్టిగా నవ్వారు. ఆ తర్వాత చెక్కుకీ డ్రాఫ్టుకీ తేడా అడిగారు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిందే, నోరు పెగల్లేదు. ఉద్యోగం రాలేదు.

అమ్మతో బాగానే జరిగిందన్నాడు. రాత్రి అందరూ పడుకున్నాక, “అక్కా, గ్యాదర్‌కి ఇంకో అర్థం ఉందా?” అని నన్నడిగాడు. డిక్షనరీ తీసి చూపించాను. ఆ అర్థం కింద ఎక్కడో ఉంది. వాడు పేజీ తిప్పకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆ నవ్విన మనిషి మీద నాకు ఇవాళ్టికీ కోపం పోలేదు. మిరపకాయ కోయడం వేరు, తాలుకాయ ఏరడం వేరు, ఆరినవి పోగెయ్యడం వేరు అని చిన్నప్పటి నుంచీ తెలిసిన పిల్లాడమ్మా వాడు! మాటలకి విలువ తెలియనివాడు ఎలా అవుతాడు?

అందుకే ముందు ఈ అర్థం నేర్పు. విన్నదాన్ని బట్టి, చూసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ, నిజమేనా అని మర్యాదగా అడగడం అది. దానికి జవాబుగా “యెస్ సర్” అని ఒక ముక్క కలిపితే చాలు. ఈ అర్థంలో ‘ఐ యామ్ గ్యాదరింగ్’ అని రాస్తే దిద్దు. రోజూ తలుపు దగ్గరే, “ఐ గ్యాదర్ యు కమ్ ఫ్రమ్ తాడేపల్లి” అంటూ పలకరించు. కంటికంటే ముందు చెవికి అలవాటవ్వాలి. ఒకరు తప్పు చెబితే పక్కవాళ్లు నవ్వడం మొదటి రోజే మాన్పించు. ఈ ఒక్క విషయంలో ఎంత కఠినంగా ఉన్నా నేనేమీ అనను.

ఫీజు నెల మొదట్లోనే తీసుకో. మీ నాన్న మొహమాటమే నీకూ వచ్చింది, నాకు తెలుసు. ఇవ్వలేని పిల్లలుంటే పంపేయకు, నాతో చెప్పు. సాయంత్రం బ్యాచి పెడితే ఆడపిల్లలు ఇళ్లకి ఎలా వెళతారో ముందే కనుక్కో. నాన్న సంగతి క్లాసులో చెప్పాలనిపిస్తే వాడినడుగు, వద్దంటే వద్దు.

ప్రెస్సుకి అడ్వాన్సు ఇచ్చావా? ఇవ్వకపోతే ఆగు. ఇచ్చేసి ఉంటే ఆ రెండో గడి కొట్టేయించు, అందులోకి వాక్యాలు నేను రాసి పంపుతాను. శనివారంలోపు ఫోన్ చెయ్యి.

మీ అత్త,
బ్రాడీపేట, గుంటూరు