చెత్త వేయడానికి సెంటు భూమి లేని డెల్టా ఊళ్ళో పంచాయతీ ప్రణాళికలో ఏం పెట్టించాలి?

మీరు అడిగింది ఇదీ: ఊళ్ళో చెత్త నుంచి సంపద తయారీ కేంద్రం షెడ్డు ఉంది గానీ మూలపడింది. చెత్తంతా పంట కాలువ గట్టు మీద పోసి ఎండాకాలంలో తగలబెడుతున్నారు. ఈసారి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో డంపింగ్ యార్డుకి స్థలం అడగాలా, ఇంకేమైనా అడగాలా? నేను కోనసీమలో ఒక పంచాయతీకి వార్డు మెంబరుగా చేశానండి. మా ఊరి పరిస్థితీ ఇంతే కాబట్టి నా అనుభవం చెబుతాను.

స్థలం మాత్రం అడగకండి. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లో చెత్త పూడ్చే చోటు నదికి 100 మీటర్లు, చెరువుకి 200 మీటర్లు, ఇళ్ళకీ హైవేకీ మంచినీటి బావులకీ 200 మీటర్లు దూరంగా ఉండాలని రాశారు. గత వందేళ్ళలో వరద ముంచిన నేల పనికిరాదన్నారు. గొయ్యి అడుగున వేసే మట్టి పొరకీ భూగర్భ జలానికీ మధ్య కనీసం 2 మీటర్లు ఉండాలన్నారు. ఈ లెక్కలు పట్టుకుని మన ఊరి మ్యాపు మీద ఒక్క చుక్క పెట్టి చూపించండి. ఇటు కాలువ, అటు బోదె, మధ్యలో కొబ్బరి తోటలో ఇల్లు. వానాకాలంలో గునపం దింపితే నీళ్ళొస్తాయి. ఎకరం రేటు సంగతి సరేసరి.

కాబట్టి ఊరి బయటికి ఎంత మోయాలి అనే దగ్గర మొదలుపెట్టకుండా, ఎంత మోయక్కర్లేదు అని మొదలుపెట్టించండి. ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక ఓసారి లాకుల దగ్గరా తూముల దగ్గరా అడుగున ఏం మిగిలిందో చూడండి. కవర్లు, డైపర్లు, థర్మాకోల్ పళ్ళేలు, పాత పరుపులు, పగిలిన దేవుడి పటాలు. అరటి తొక్కలూ కూర తుక్కూ కనపడవు. కానీ మా రిక్షా బరువు తూకం వేస్తే సగానికి పైగా ఆ తొక్కలూ తుక్కే. అంటే కాలువని చంపేది పొడి చెత్త, మనిషిని చంపేది తడి చెత్త మోత. ఆ తడి చెత్త కలిశాక పొడి చెత్త కూడా కంపుకొట్టి ఎవరూ కొనరు.

మా వార్డులో ఇళ్ళని రెండుగా రాసుకున్నాం: దొడ్డి ఉన్నవి, లేనివి. డెల్టాలో మొదటి రకమే ఎక్కువ. వాళ్ళ తడి చెత్త రిక్షా తీసుకోదు, పొడి చెత్తకి వారానికి రెండుసార్లు వస్తుంది. కాలనీ, బజారు, హోటళ్ళ నుంచి మాత్రం తడి చెత్త రోజూ తీస్తుంది. నిబంధనలు కూడా ఇంటి దగ్గర ఎరువు చేసుకోవడాన్ని ప్రోత్సహించేవే. మొదట్లో గొడవ జరిగింది, నిజమే. "మేం పన్ను కట్టట్లేదా?" అన్నవాళ్ళున్నారు. అది మామూలే. నాకు సమాధానం వెతుక్కోవాల్సి వచ్చింది ఒక కొబ్బరి రైతు అడిగిన ప్రశ్నకి. "దొడ్లో కుప్ప పెట్టమంటారు, అందులో కొమ్ముపురుగు పుడుతుంది, చెట్టు మొవ్వు తినేస్తుంది, ఆ నష్టం పంచాయతీ ఇస్తుందా?" అన్నాడాయన.

ఆయన మాట సబబే. కొమ్ముపురుగు కుళ్ళిన పెంటలో గుడ్లు పెడుతుంది. అందుకే ఒకే చోట పెద్ద కుప్ప వద్దన్నాం. కొద్దికొద్దిగా చెట్ల పాదుల్లో వేసి, పైన మట్టి, కొబ్బరి డొక్కలు కప్పమన్నాం. డొక్కలు పాదులో పూడ్చడం మన తోటల్లో కొత్తేం కాదు, తేమ నిలబడుతుందని పెద్దవాళ్ళు చేసిందే. కుప్ప తప్పనిసరైన చోట నెలకోసారైనా తిరగేసి తెల్లటి పిల్లపురుగుల్ని ఏరేయాలి. మెటారైజియం అనే ఆకుపచ్చ బూజు కలిపితే ఆ పురుగులు చస్తాయి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడిగితే వివరం చెబుతారు. ప్రణాళికలో ఈ బూజు మందుకి ఒక చిన్న మొత్తం పెట్టించండి. షెడ్డు రిపేరు కంటే చాలా చవక, రైతులు మీ వైపు వస్తారు. చేపల పొట్టు, కోడి ఈకలు మాత్రం పాదులో లోతుగా పూడ్చకపోతే కుక్కలు ఇల్లిల్లూ పంచుతాయి.

ఇక షెడ్డు. అది ఎందుకు మూలపడిందో ముందు చూడండి. మా దగ్గర గుంటలు తవ్వారు, వానాకాలంలో అవి నీళ్ళ కుండీలయ్యాయి, ఎరువు కోసం వేసిన ఎర్రలన్నీ (వానపాములు) చచ్చాయి. మన నేలకి భూమి మీద కట్టే తొట్లే కావాలి. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తున, గోడకి కన్నాలున్న ఇటుక తొట్టిని నాడెప్ తొట్టి అంటారు. ఒకసారి నింపి పైన మట్టితో మెత్తితే మూడు నాలుగు నెలల్లో ఎరువు అవుతుంది, రోజూ చూసుకోనక్కర్లేదు. పంచాయతీకి నా ఓటు దానికే. ఎర్రలతో చేసే వర్మీ కంపోస్టు గొప్పదే కానీ దానికి రోజూ తడి చూసే మనిషి కావాలి. ఆ మనిషికి జీతం నెలల తరబడి రాకపోతే ఎర్రలకేం తెలుసు?

ఎరువు అమ్ముడుపోతుందని మాత్రం లెక్కలో రాయొద్దు. కడియం వైపు నర్సరీ ఆయన ఒకరు మా ఎరువు గుప్పెడు తీసి, అందులో షాంపూ ప్యాకెట్ ముక్క చూసి కింద పోసేశారు. బజారు తడి చెత్త విడిగా వచ్చిన తొట్టి అయితేనే ఎవరైనా అడుగుతారు.

డబ్బు దగ్గర అసలు కిటుకు ఉంది. స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశలో ఘన వ్యర్థాలకి జనాభా 5,000 వరకు ఉంటే తలకి 60 రూపాయల దాకా, అంతకు మించితే 45 రూపాయల దాకా అని పెట్టారు. అంటే 5,000 మంది ఊరికి 3 లక్షలు, 6,000 మంది ఊరికి 2 లక్షల 70 వేలు! (ఈ లెక్క ఎవరు వేశారో గానీ ఊరు పెరగడమే నేరమైంది.) అందులో 30 శాతం పంచాయతీ తన ఆర్థిక సంఘం గ్రాంటు నుంచి భరించాలన్నారు. 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం ముడిపెట్టి ఇచ్చారు, సగం తాగునీటికి, సగం పారిశుధ్యానికి. ఈ డబ్బంతా తొట్లకీ రిక్షాలకీ బాగానే సరిపోతుంది. బేరింగు పోతే, సంచులు చిరిగితే, మనిషి మానేస్తే ఏం చేయాలో ఎక్కడా ఉండదు. అందుకే నడిపే ఖర్చు ఏ పద్దు నుంచి, నెలకెంత అని ప్రణాళికలో విడిగా ఒక వరుస రాయించండి. ఆ వరుస లేని ప్రణాళికకి మీరు చేయెత్తకండి.

పొడి చెత్తకి ముందు పాత సామాన్ల కొట్టు ఆయనతో మాట్లాడి, తర్వాత రాయండి. సీసాలు, అట్టలు, ఇనుము, చేపల చెరువుల మేత సంచులు ఆయనే పట్టుకెళ్తాడు. చిప్స్ ప్యాకెట్లు, చినిగిన కవర్లు కొనడు. వాటికి మండలానికొక ప్లాస్టిక్ యూనిట్, 16 లక్షల దాకా ఖర్చుతో, అదే పథకంలో పెట్టారు. అక్కడి నుంచి సిమెంటు ఫ్యాక్టరీకో, తారులో కలిపి రోడ్డుకో వెళ్తాయి. మీ మండలంలో అది నడుస్తోందా అని ఎంపీడీఓ ఆఫీసులో అడగండి. నడుస్తుంటే అక్కడికి ఎవరి బండిలో, నెలకెన్నిసార్లు అన్నది కూడా రాయించాలి. మాది ఆగిపోయింది అక్కడే. సంచులు షెడ్డులో పేరుకుపోయి చివరికి ఎలుకల పాలయ్యాయి.

కళ్యాణ మండపాలకీ, సంక్రాంతి మూడు రోజులకీ, కనుమ నాటి ప్రభల తీర్థానికీ విడిగా మనుషుల్ని పెట్టండి. మామూలు రోజుల ఏర్పాటు ఆ జనానికి ఆగదు. ప్యాడ్లు, డైపర్లు పేపర్లో చుట్టి వేరే సంచిలో ఇవ్వమనండి, మన నీటి మట్టానికి వాటిని పూడ్చడం కుదరదు.

ప్రణాళిక పని ఏటా అక్టోబరు 2 నుంచి మొదలవుతుంది. గ్రామ సభలో "పారిశుధ్య పనులు" అని ఒక్క ముక్కతో సరిపెడితే ఒప్పుకోకండి. ఏ వీధి, ఏ తొట్టి, ఏ కొట్టు, నెలకెంత అన్నవి తీర్మానంలో చదివి వినిపించమనండి. తర్వాత పంచాయతీ ప్రణాళికలు పెట్టే ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైటులో ఎక్కించినది కూడా మీరే తెరిచి చూడండి. మా ఊరి తీర్మానంలో ఉన్న రిక్షా రిపేరు అక్కడ సీసీ రోడ్డు అయిపోయింది.