ఏదొచ్చినా ఫార్మాటేనా?

ఊళ్ళు మారుతున్నాయి, కంప్యూటర్లు మారుతున్నాయి, మీరు రాసే ప్రశ్నల్లో చివరి వాక్యం మాత్రం మారడం లేదు. "షాపులో చూపిస్తే ఫార్మాట్ కొట్టాలంటున్నారు." అంటే డిస్క్ మొత్తం తుడిచి విండోస్ మళ్ళీ వెయ్యాలని. అందుకే ఫోన్ల ప్రశ్నలన్నీ వచ్చేవారానికి నెట్టేసి ఈసారి దీని సంగతే చూస్తున్నాను.

ప్రశ్న: మాది నరసన్నపేట. టీచరుగా చేసి రిటైరయ్యాను. పోయిన వారం రాత్రి అప్‌డేట్ పడింది. అప్పట్నించీ ప్రింటర్ పలకడం లేదు, సౌండ్ రావడం లేదు, ఆన్ అవడానికే చాలాసేపు పడుతోంది. షాపబ్బాయి ఫార్మాట్ ఒక్కటే దారంటున్నాడు. అమ్మాయి పెళ్ళి ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. నెల కిందట ఎలా ఉండేదో అలా చెయ్యడం కుదరదా?

కుదురుతుంది మాస్టారూ, కాకపోతే మీ కంప్యూటర్లో సిస్టమ్ రిస్టోర్ అనే ఏర్పాటు ముందే ఆన్‌లో ఉండి ఉండాలి. స్టార్ట్ మెనూలో 'రిస్టోర్ పాయింట్' అని టైప్ చేసి, వచ్చినదాన్ని తెరవండి. సిస్టమ్ ప్రొటెక్షన్ ట్యాబ్‌లో సి డ్రైవ్ ఎదురుగా 'ఆన్' అని ఉంటే సగం గండం గడిచినట్టే. సిస్టమ్ రిస్టోర్ బటన్ నొక్కి, అప్‌డేట్ పడకముందు తేదీ చూసి ఎంచుకోండి. అక్కడే 'స్కాన్ ఫర్ ఎఫెక్టెడ్ ప్రోగ్రామ్స్' అని ఒకటుంటుంది. ఎవరూ దాని మొహం చూడరు, మీరు చూడండి. ఆ తేదీ తర్వాత వేసుకున్న ప్రోగ్రాముల్లో, డ్రైవర్లలో (ప్రింటర్, సౌండ్ లాంటివాటిని నడిపించేవి) ఏవి పోతాయో, ఏవి వెనక్కి వస్తాయో ముందే చెప్పేస్తుంది. పెళ్ళి ఫోటోల జోలికి ఇది రాదు. సిస్టమ్ ఫైళ్ళు, రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగుల చిట్టా), డ్రైవర్లు, ప్రోగ్రాములు, అంతవరకే దీని పని. అందుకే పొరపాటున డిలీట్ చేసిన ఫోటోలు దీనితో తిరిగొస్తాయని కూడా ఆశపడకండి. మామూలుగా చేస్తే, ఫలితం నచ్చకపోతే మళ్ళీ అక్కడికే వెళ్ళి అన్‌డూ చేసుకోవచ్చు. సేఫ్ మోడ్‌లోంచి (కనీస అవసరాలతో మాత్రమే విండోస్ తెరుచుకునే పద్ధతి) చేస్తే మాత్రం ఆ అన్‌డూ ఉండదు.

నెల కిందటి తేదీ దొరకకపోవచ్చు కూడా. ఫలానా తేదీకి కంప్యూటర్ ఎలా ఉందో దాచిపెట్టేదే రిస్టోర్ పాయింట్. దానికి కేటాయించిన చోటు నిండగానే పాత పాయింట్లు వాటంతటవే చెరిగిపోతాయి. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ అయితే, 2025 జూన్ అప్‌డేట్ నుంచి 60 రోజుల వరకే ఉంచుతోంది.

ఇక 'ఆఫ్' అని ఉంటే? చాలా ఇళ్ళలో ఉండేది అదే, నాకు ఒళ్ళు మండేదీ అక్కడే. స్టార్ట్ మెనూలో ప్రకటనలు అడగకుండానే ఆన్‌లో ఉంటాయి. వాతావరణం, క్రికెట్ స్కోరు, సినిమా కబుర్లు ఆన్‌లో ఉంటాయి. అవసరానికి ఆదుకునే ఈ ఒక్కటి మాత్రం ఎన్నో కొత్త మెషీన్లలో ఆఫ్‌లో ఉండి, పాతకాలం కిటికీ ఒకదాని వెనక దాక్కుంటుంది. అర్ధరాత్రి మనల్ని అడక్కుండా రీస్టార్ట్ చేసుకునే అప్‌డేట్‌కి, పొద్దున్న అది చెడగొట్టినదాన్ని సరిచేసుకునే దారి కూడా కళ్ళెదురుగా పెట్టాలన్న జ్ఞానం ఉండొద్దా?

ఆఫ్‌లో ఉన్నా ఫార్మాట్ దాకా పోనక్కర్లేదు. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ హిస్టరీకి వెళ్ళి, ఆ రోజు పడిన అప్‌డేట్‌ని అన్‌ఇన్‌స్టాల్ చెయ్యండి. సౌండ్ కోసం డివైస్ మేనేజర్‌లో దాని ప్రాపర్టీస్ తెరిచి, డ్రైవర్ ట్యాబ్‌లో 'రోల్ బ్యాక్' నొక్కండి. ప్రింటర్‌ని తీసేసి మళ్ళీ కలపండి. పడింది మామూలు అప్‌డేట్ కాక ఏకంగా వెర్షనే మారి ఉంటే, రికవరీలో 'గో బ్యాక్' పది రోజుల వరకే పనిచేస్తుంది, మీకు ఇప్పటికే వారం గడిచింది కాబట్టి ముందు అది చూడండి. అసలు ఆన్ అవడమే మానేస్తే, బూట్ మధ్యలో రెండుమూడుసార్లు పవర్ బటన్ గట్టిగా పట్టుకుని ఆపితే రికవరీ స్క్రీన్ దానంతటదే వస్తుంది. అక్కడ ట్రబుల్‌షూట్‌లో సిస్టమ్ రిస్టోర్, అప్‌డేట్ అన్‌ఇన్‌స్టాల్ కూడా ఉంటాయి.

ఇంతకీ నా భయం ఫార్మాట్ గురించి కాదు. ఫోటోలు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుంటే ఫార్మాట్ వల్ల పోయేదేమీ లేదు. ఫార్మాట్ తర్వాత షాపులో వేసిచ్చే విండోస్ గురించే నా టెన్షన్ అంతా.

జరిగేది ఇదీ. మీరు లాప్‌టాప్ కొన్నప్పుడు విండోస్ హోమ్ ఎడిషన్ డబ్బు కూడా ఆ ధరలోనే కట్టారు. దాని లైసెన్సు కీ మదర్‌బోర్డులోనే రాసి ఉంటుంది. అదే ఎడిషన్ మళ్ళీ వేసి నెట్ కలిపితే ఎవరూ ఏమీ చెయ్యకుండా యాక్టివేట్ అయిపోతుంది. కానీ షాపులో ఒకే పెన్‌డ్రైవ్ పెట్టుకుని వచ్చినవాటన్నిటికీ ప్రో ఎడిషన్ ఎక్కిస్తారు. అది మీ కీతో యాక్టివేట్ అవదు. అప్పుడు యాక్టివేటర్ అనే దొంగ సాఫ్ట్‌వేర్ ఒకటి రన్ చేస్తారు. యాంటీవైరస్ దాన్ని ఊరుకోదు కదా, అందుకని ముందు యాంటీవైరస్ నోరు మూయిస్తారు. డబ్బు పెట్టి కొన్న అసలు విండోస్ తీసేసి నకిలీది వేయించుకుని, మళ్ళీ దానికి కూలి ఇచ్చి వస్తున్నామన్నమాట.

నమ్మకం లేకపోతే ఇప్పుడే చూసుకోండి. విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో మేనేజ్ సెట్టింగ్స్ నొక్కి, అట్టడుగుకి దిగితే 'ఎక్స్‌క్లూజన్స్' ఉంటుంది. అంటే వీటిని తనిఖీ చెయ్యొద్దు అని చెప్పిన జాబితా. మీరెప్పుడూ ఏమీ చేర్చలేదు కాబట్టి అది మామూలుగా ఖాళీగా ఉండాలి. అక్కడ మీకు తెలియని ఫోల్డర్ పేరో, ఏకంగా సి డ్రైవ్ మొత్తమో కనిపించిందా, ఆ కంప్యూటర్లో కాపలా లేనట్టే. అలాంటిచోట బ్యాంకు సైటు తెరవకండి.

యాక్టివేటర్లతోపాటు వచ్చే దొంగ ప్రోగ్రాముల్లో ఒక రకం చేసే పని ఒకటే: బ్రౌజర్లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు (మీరు లాగిన్ అయ్యారని సైటు గుర్తుపెట్టుకునే చీటీలు) మూటగట్టి బయటికి పంపేయడం. స్క్రీన్ మీద ఏమీ కనబడదు, స్లో కూడా అవదు. కుకీ పోయిందంటే ఓటీపీ కూడా అక్కర్లేకుండా మీ మెయిల్లోకి దూరొచ్చు. అనుమానం రాగానే కొందరు నాలుగు రోజుల వెనక్కి రిస్టోర్ చేసేసి హమ్మయ్య అనుకుంటున్నారు. వెనక్కి వెళ్ళింది కంప్యూటర్ మాత్రమే బాబూ, పోయిన పాస్‌వర్డ్ ఎలా వెనక్కి వస్తుంది? పైగా రిస్టోర్ వైరస్‌ని తీసేసే సాధనం కాదు. ఆ పాయింట్ పడేనాటికే అది లోపలుంటే దాన్ని కూడా భద్రంగా తిరిగి తెస్తుంది. ఇలాంటప్పుడు ముందు వేరే శుభ్రమైన ఫోన్‌లోంచి మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చండి, అన్ని డివైజుల నుంచీ సైన్ అవుట్ కొట్టండి. ఆ తర్వాత అసలైన ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్‌తో మొత్తం తుడిచి, కొన్నప్పటి ఎడిషనే వేయించండి. ఫార్మాట్ నిజంగా కావలసింది ఇక్కడే, ప్రింటర్ పలకనప్పుడు కాదు. మైక్రోసాఫ్ట్ సైటులో మీడియా క్రియేషన్ టూల్ ఉచితం, 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు.

ప్రశ్న: బొబ్బిలి నుంచి రాస్తున్నాను. రిస్టోర్ చేద్దామని రికవరీలోకి వెళ్తే 48 అంకెల కీ అడుగుతోంది. మేమెప్పుడూ అలాంటిది పెట్టలేదు.

మీరు పెట్టలేదమ్మా, అదే పెట్టుకుంది. ఈమధ్య లాప్‌టాప్‌లు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదటిసారి సైన్ ఇన్ అవగానే డిస్క్‌కి బిట్‌లాకర్ తాళం వేసేసుకుంటున్నాయి. దొంగ ఎత్తుకుపోతే డేటా దక్కకుండా అది మంచిదే. కానీ తాళం వేశామని, చెవి ఫలానా చోట ఉందని ఇంటి యజమానికి గట్టిగా చెప్పొద్దా? ఆ కీ మొదట సైన్ ఇన్ అయినవాళ్ళ అకౌంట్‌లో ఉంటుంది. మీ మేనల్లుడో, అమ్మిన షాపువాళ్ళో సెటప్ చేసి ఉంటే వాళ్ళ మెయిల్ ఏదో కనుక్కోండి. ఫోన్‌లో ఆ అకౌంట్‌లోకి వెళ్ళి, డివైసెస్ కింద మీ లాప్‌టాప్ పేరు దగ్గర రికవరీ కీ చూడండి. రెండుమూడు కీలుంటే స్క్రీన్ మీదున్న కీ ఐడీలో మొదటి ఎనిమిది అక్షరాలు సరిపోల్చుకోవాలి. ఎక్కడా దొరకలేదా, డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే. తీసిస్తామని డబ్బు అడిగేవాళ్ళని నమ్మకండి.

ప్రశ్న: రాజాంలో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. విండోస్ 7లో పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు. కరెంట్ పోయి వచ్చాక విండోస్ లోగో దగ్గరే తిరుగుతోంది. సీజన్లో కార్డుల పనంతా ఆగిపోయింది.

ఆన్ చెయ్యగానే ఎఫ్8 నొక్కి 'లాస్ట్ నోన్ గుడ్ కాన్ఫిగరేషన్' (చివరిసారి సరిగ్గా నడిచినప్పటి సెట్టింగ్స్) ఎంచుకోండి, కాకపోతే స్టార్టప్ రిపేర్. అయితే డిస్క్ టిక్కుటిక్కుమని చప్పుడు చేస్తుంటే ఇవేవీ ముట్టుకోకుండా, డిస్క్ ఊడదీయించి ముందు ఫైళ్ళు వేరేదానిలోకి తీయించండి. చచ్చిపోతున్న డిస్క్ మీద రిస్టోర్ నడిపితే మిగిలింది కూడా పోతుంది.

మీ ప్రశ్న చదువుతుంటే ఇంకో కోపం వస్తోంది, దాన్ని కూడా కక్కేస్తాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కరెంట్ సంగతి మనకి కొత్తా? 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను వచ్చి వెళ్ళాక ఉద్దానంలో ఎన్ని రోజులు చీకట్లో ఉన్నారో అందరికీ తెలుసు. అయినా రోజంతా డబ్బు సంపాదించిపెట్టే మెషీన్‌కి యూపీఎస్ ఉండదు. ఉన్నా, బ్యాటరీ ఎప్పుడో చచ్చి ఉంటుంది, బీప్ వినపడకుండా స్పీకర్ మీద టేపు అంటించి ఉంటుంది. కస్టమర్ల పెళ్ళికార్డులు, పాఠశాల ప్రశ్నపత్రాలు, ఆధార్ జిరాక్సులు అన్నీ ఆ ఒక్క డిస్క్ మీదే, డెస్క్‌టాప్ మీదే, 'న్యూ ఫోల్డర్' 'న్యూ ఫోల్డర్ 2' పేర్లతో. రెండో కాపీ ఎక్కడుందంటే మౌనం. ఇంకోటి: విండోస్ 7కి 2020 జనవరి 14తో మద్దతు ఆగిపోయింది. పేజ్‌మేకర్ కోసం అదే ఉంచుకోవాల్సి వస్తే ఉంచుకోండి, నెట్ కేబుల్ మాత్రం పీకేయండి. మెయిల్ చూడ్డానికి వేరే మెషీన్ వాడుకోండి. కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్ ముందు ఆ రెండోదానిలో స్కాన్ చేశాకే దీనికి పెట్టండి.

ప్రశ్న: ఆమదాలవలస. మీ కంప్యూటర్లో వైరస్ ఉంది, ఈ నెంబర్‌కి ఫోన్ చెయ్యండి అని స్క్రీన్ నిండా వస్తోంది, సైరన్ కూడా మోగుతోంది. రిస్టోర్ చేస్తే పోతుందా?

రిస్టోర్ అక్కర్లేదు, ఫోన్ అసలే వద్దు. అది వెబ్ పేజీ మాత్రమే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్లోంచి బ్రౌజర్ని ముగించండి. మళ్ళీ తెరిచినప్పుడు పాత పేజీలు తెమ్మంటారా అని అడిగితే వద్దనండి. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లకి అనుమతిచ్చిన సైట్ల జాబితాలో తెలియనివన్నీ తీసెయ్యండి. అసలు విండోస్ ఇచ్చే ఎర్రర్ మెసేజ్‌లో ఫోన్ నెంబర్ ఉండదు. ఇప్పటికే ఫోన్ చేసి, వాళ్ళు చెప్పిన రిమోట్ యాప్ (మీ కంప్యూటర్ని దూరం నుంచి నడిపేది) వేసుకుని ఉంటే ముందు నెట్ ఆపండి, బ్యాంకుకి చెప్పండి, డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.