గేమ్ ఆర్టిస్ట్ ఉద్యోగాలకు అప్లై చేస్తుంటే ఎక్కడి నుంచీ పిలుపు రావడం లేదు. పోర్ట్‌ఫోలియోలో ఏం మార్చాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది: హన్మకొండలో ఉంటున్నారు, బీటెక్ అయ్యాక సొంతంగా బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నారు, ఆర్టిస్టులు తమ పని చూపించుకునే ఆర్ట్‌స్టేషన్ సైట్‌లో 22 ప్రాజెక్టులు పెట్టారు, స్టూడియోల నుంచి కనీసం "వద్దు" అని కూడా జవాబు రావడం లేదు. నేను హైదరాబాద్‌లో ఒక అవుట్‌సోర్సింగ్ స్టూడియోలో ప్రాప్ ఆర్టిస్ట్‌ని, అంటే గేముల్లో కనిపించే వస్తువులు చేస్తాను. ఫ్రెషర్ల దరఖాస్తులు వడపోసే పని అప్పుడప్పుడూ నా మీద పడుతుంటుంది. కాబట్టి అటువైపు కూర్చుని చూసేవాడిగా చెప్తాను.

ముందు ఆ 22లో ఓ 17 తీసేయండి. ట్యుటోరియల్ చూసి చేసిన డోనట్, కటానా, సగంలో వదిలేసిన రెండు క్యారెక్టర్లు, లోగో యానిమేషన్, అన్నీ. కష్టపడి చేసినవి తీసేయడానికి మనసొప్పదని తెలుసు. కానీ మంచి ప్రాప్ పక్కనే వంకర ముఖం కనిపిస్తే నాకు ఒకటే అనుమానం వస్తుంది: ఇది బాగాలేదని ఈ మనిషికి తెలియడం లేదా? తెలియకపోతే రేపు టీమ్‌లో ఈయన చేసే ప్రతి ఫైలునూ ఎవరో ఒకరు పక్కన కూర్చుని చూడాలి. డెడ్‌లైన్ల మధ్య అంత తీరిక ఎవరికీ ఉండదు, ట్యాబ్ మూసేస్తారు.

అన్నట్టు, ఇన్‌స్టిట్యూట్‌లో చేరలేదని మీరు బాధపడక్కర్లేదు. ఒకే బ్యాచ్ నుంచి అదే వీధి దీపం, అదే చెక్క పెట్టె, అదే కెమెరా యాంగిల్‌తో వరసగా వస్తుంటాయి. అందులో ఎవరి పని ఎంతో తేల్చడం మాకే కష్టం.

ప్రొఫైల్‌లో పేరు కింద "ఆర్టిస్ట్, గేమర్, డ్రీమర్" అని ఉంది. అది తీసి "3డీ ప్రాప్ ఆర్టిస్ట్" అనో "ఎన్విరాన్‌మెంట్ ఆర్టిస్ట్" అనో ఒక్కటే రాయండి. హైదరాబాద్‌లో ఈఏ అయినా, బెంగళూరులో రాక్‌స్టార్ అయినా, పుణెలో యూబీసాఫ్ట్ అయినా "అన్నీ కొద్దికొద్దిగా వచ్చినవాళ్లు కావాలి" అని ప్రకటన ఇవ్వరు. మిగిలిన అయిదూ చూస్తే మీ చేయి ప్రాప్స్‌లోనే బాగుందనిపించింది. మొబైల్ గేముల స్టూడియోలకు పంపాలంటే మాత్రం చేత్తో పెయింట్ చేసిన కార్టూన్ తరహా పని కనీసం ఒకటి ఉండాలి. వాళ్లకు రియలిస్టిక్ తుపాకీ చూపించి లాభం లేదు.

ఇప్పుడు కొత్తగా ఏం చేయాలంటే, ఇంకో సై-ఫై పెట్టె వద్దు. మీ ఇంట్లో ఇనుప బీరువా ఉంటే అది చేయండి. నవ్వులాట కాదు. దాన్ని తాకి చూడొచ్చు, టేపుతో కొలవొచ్చు, వంద ఫొటోలు తీసుకోవచ్చు. ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటోతో ఇవి కుదరవు.

లెక్క చూడండి. సుమారు ఆరున్నర అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. ఫస్ట్ పర్సన్ గేముల్లో (ఆటగాడి కళ్లతో చూసేవి) వస్తువు మీద అంటించే బొమ్మకి, అంటే టెక్స్చర్‌కి, మీటరుకు 1024 పిక్సెళ్లు అనేది చాలామంది పెట్టుకునే కొలత. దాని ప్రకారం ఎత్తు దాదాపు 2030 పిక్సెళ్లు వస్తుంది, ముందు భాగం వెడల్పు 936, ఒక్కో పక్క 468. రెండు పక్కలనూ యూవీలో (మోడల్‌ని విప్పి టెక్స్చర్ మీద పరిచే పటం) ఒకదాని మీద ఒకటి పెట్టేస్తే 2048 పిక్సెళ్ల టెక్స్చర్‌లో ఇంకా 600 పైచిలుకు పిక్సెళ్ల పట్టీ మిగులుతుంది. పైభాగాన్ని నిలువుగా తిప్పి అందులో పెట్టినా హ్యాండిల్‌కి, కాళ్లకి చోటుంటుంది. వెనక భాగం గోడకి ఆనుకుని ఉంటుంది కాబట్టి అసలు చేయనే వద్దు. ఈ లెక్కంతా పోర్ట్‌ఫోలియో పేజీలో రెండు లైన్లలో రాయండి. అది చదివినవాడికి మీరు గేమ్ కోసం ఆలోచిస్తున్నారని వెంటనే తెలుస్తుంది.

ఇక మెటీరియల్. ఫ్రెషర్లలో ఎక్కువమంది దొరికిపోయేది ఇక్కడే. టెక్స్చర్లు వేసే సబ్‌స్టాన్స్ పెయింటర్‌లో స్మార్ట్ మెటీరియల్ (అరుగుదల, మురికితో సహా రెడీమేడ్‌గా వచ్చేది) లాగి వదిలేస్తారు, అంచులన్నీ ఒకేలా అరిగిపోయి ఉంటాయి. నిజం బీరువాని చూడండి. రోజూ తడిగుడ్డతో నేల తుడవడం వల్ల తుప్పు కాళ్ల దగ్గర మొదలవుతుంది. హ్యాండిల్ చుట్టూ వేళ్ల జిడ్డుతో పెయింట్ నున్నబడి ఉంటుంది, అంటే అక్కడ రఫ్‌నెస్ (గరుకుదనం విలువ) తగ్గాలి. పైన దుమ్ము. అద్దం మూలన ఎవరో అంటించిన బొట్టుబిళ్లలు. తలుపు మీద పాత స్టిక్కర్ పీకేసిన గుర్తు. ఇంకొక సంగతి: బీరువా ఇనుమే అయినా, పెయింట్ ఉన్నంత మేరా మెటాలిక్ విలువ (ఉపరితలం లోహమా కాదా అని చెప్పేది) సున్నా. తుప్పుకీ సున్నానే. పెయింట్ లేచిపోయి ఇనుము బయటపడ్డ చోట మాత్రమే ఒకటి. ఇనుము కదా అని మొత్తానికి ఒకటి పెట్టేస్తే రెండు సెకన్లలో పట్టుబడతారు.

పేజీలో మొదటి బొమ్మ మామూలు వెలుతురులో, ఏమీ దాచకుండా ఉండాలి. చీకటి, పొగమంచు, వెనకంతా బ్లర్ చేయడం చూస్తే ఏదో కప్పిపుచ్చుతున్నారనిపిస్తుంది. తర్వాత వైర్‌ఫ్రేమ్ (మోడల్ గీతల వల), అందులోని ట్రయాంగిల్స్ సంఖ్యతో. చిన్న బోల్టుకి 32 పక్కలు ఇచ్చి, కెమెరాకి ఎదురుగా ఉండే హ్యాండిల్‌ని 6 పక్కలతో వదిలేసినవి చాలా చూశాను. అది తారుమారు కావాలి. తర్వాత యూవీ, టెక్స్చర్ మ్యాపులు, హై పాలీ (వివరాలన్నీ ఉన్న బరువైన మోడల్), చివర్లో రిఫరెన్స్ ఫొటోలు. మోడల్ గుండ్రంగా తిరిగే టర్న్‌టేబుల్ వీడియో కంటే, మార్మొసెట్ వ్యూయర్ గానీ స్కెచ్‌ఫ్యాబ్ గానీ (బ్రౌజర్‌లోనే 3డీ మోడల్ చూపేవి) పెట్టండి, మేమే తిప్పి చూసుకుంటాం.

మీ పాత జీపు ప్రాప్‌లో రివెట్లు బయటికి కాకుండా లోపలికి గుంటలు పడ్డట్టు కనిపిస్తున్నాయి. నార్మల్ మ్యాప్‌లో (ఎత్తుపల్లాలు ఉన్నట్టు భ్రమ కలిగించే టెక్స్చర్) గ్రీన్ ఛానెల్ తిరగబడింది. ఈ ఛానెల్ విషయంలో బ్లెండర్, యూనిటీ గేమ్ ఇంజిన్‌లది ఓపెన్‌జీఎల్ పద్ధతి, అన్‌రియల్ ఇంజిన్‌ది దానికి తలకిందులైన డైరెక్ట్‌ఎక్స్ పద్ధతి. ఎక్కడ చూపిస్తున్నారో దానికి తగ్గట్టు ఎక్స్‌పోర్ట్ చేయండి. ఇది పది నిమిషాల పని, ఈ రోజే సరిచేయండి.

ఎన్విరాన్‌మెంట్ (గేములో కనిపించే చోటు) ఒకటి చేయాలనిపిస్తే మీ ఊరి పక్కనే వరంగల్ కోట ఉంది. నాలుగు దిక్కులా నాలుగు కాకతీయ తోరణాలు దాదాపు ఒకే రూపంలో ఉంటాయి. ఒక స్తంభం, ఒక అడ్డదూలం, కొన్ని చెక్కడపు పట్టీలు చేసుకుంటే ట్రిమ్ షీట్‌తో (మళ్లీ మళ్లీ వాడే పట్టీలున్న ఒకే టెక్స్చర్) నాలుగూ నిలబెట్టొచ్చు. ఇలా కొన్ని ముక్కలనే కలిపి కట్టే మాడ్యులర్ కిట్ ఎలా పనిచేస్తుందో చూపడానికి ఇంతకన్నా మంచి విషయం నాకైతే తోచలేదు. పెద్ద నగరం మొత్తం కట్టేయాలని మాత్రం మొదలుపెట్టకండి, అవి ఎప్పటికీ పూర్తి కావు.

వేరేవాళ్ల కాన్సెప్ట్ చూసి చేస్తే వాళ్ల పేరు రాయండి. టీమ్‌గా చేసిన దాంట్లో మీ భాగం ఎంతో చెప్పండి. 2022 చివర్లో ఏఐ బొమ్మల మీద ఆర్ట్‌స్టేషన్‌లోనే పెద్ద నిరసన జరిగింది కదా, అప్పటి నుంచి మా దగ్గర బ్లాకౌట్ (మొదటి ముతక ఆకారం) నుంచి ఫైనల్ దాకా దశలు చూపినవాళ్ల మీద నమ్మకం ఎక్కువ. ఈమెయిల్, ఊరు, ఎప్పటి నుంచి చేరగలరో పైనే కనిపించాలి. లింకుకి లాగిన్ అడిగితే ఎవరూ తెరవరు.

ఇవి సర్దుకున్నాక ఎవరో ఒకరు ఆర్ట్ టెస్ట్ (ఉద్యోగానికి ముందు చేసి చూపించమనే చిన్న పని) పంపుతారు. బ్రీఫ్‌లో 8000 ట్రయాంగిల్స్ అంటే 8000 లోపే చేయండి. పాతిక వేలతో అద్భుతంగా చేసి పంపినవాళ్లను కూడా మేం పక్కన పెట్టాం. ఫైళ్ల పేర్లు వాళ్లు చెప్పినట్టే పెట్టండి. గడువులోపు పూర్తి కాదనిపిస్తే ముందు రోజే మెయిల్ చేసి చెప్పండి, చాలాసార్లు ఇంకో రెండు రోజులు ఇస్తారు.