పునర్జన్మ వెబ్ నవలల్లో హీరో ఒక్కసారి ఓడిపోతే పాఠకులకి అంత కోపం ఎందుకొస్తుంది?

చాలావరకు మనం చదివే పద్ధతి వల్లే అండి. పుస్తకంలో అయితే హీరో అవమానపడ్డాక పది పేజీలు తిప్పితే గెలుపు వచ్చేస్తుంది, వెబ్ నవల ఆన్‌లైన్‌లో వచ్చేది రోజుకో చాప్టరే కదా, అదే అవమానం వారమంతా మోయాలి, పైగా చైనాలో చీదియెన్ లాంటి వెబ్ నవలల సైట్లు 2003 నుంచే చాప్టర్ల లెక్కన డబ్బులు తీసుకుంటున్నాయి కాబట్టి కథ సాగదీస్తే డబ్బులిచ్చి మరీ బాధపడుతున్నట్టు ఉంటుంది. ఇంకోటి, పోయిన జన్మ గుర్తున్నవాడు పాత తప్పు మళ్ళీ చేయడు అనే నమ్మకంతోనే ఇవి చదువుతాం, వాడే మళ్ళీ అదే మనిషి చేతిలో మోసపోతే ఒళ్ళు మండదా మరి! ఆ కోపం న్యాయమే అంటాను, రచయితని తిట్టడం మాత్రం కాదు, రోజూ రాసి పెట్టేవాళ్ళకి వెనక్కెళ్ళి దిద్దే టైం ఉండదు. మరీ విసుగొస్తే ఓ ఇరవై చాప్టర్లు పోగయ్యాక ఒకేసారి చదవండి, ఆ సీన్ తేలిగ్గా దాటిపోతుంది.