కార్తెకో పేజీ

హనుమకొండ
భాద్రపద బహుళం

బిడ్డా,

నీ ఉత్తరమూ, దాంతో పంపిన, పిల్లలతో రాయించాలనుకున్న నలభై అంశాల జాబితా అందాయి. పిల్లలిద్దరికీ ఇంట్లోనే చదువు చెప్పుకుంటూ, వాళ్లతో రాయించినవాటిని మిగతా తల్లులకు పనికొచ్చేలా పుస్తకం చేయాలన్న నీ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. జాబితా రెండుసార్లు చదివాను. అందులో మంచు మనిషి ఉన్నాడు. శరత్కాలంలో రాలే ఎర్రటి ఆకులున్నాయి. పరకాలలో పుట్టి పెరిగిన నీ పిల్లలు ఆ రెంటినీ ఎన్నడన్నా చూశారా? మన దిక్కు ఆకు రాలేది దసరాకు కాదు, శివరాత్రికి అటూ ఇటూగా. తాడ్వాయి అడవిలో మోదుగు ఉన్న ఆకంతా రాల్చుకొని వట్టి కొమ్మల మీద పూస్తుంది. అది చూసిన పిల్లకు నువ్వు పాఠం చెప్పక్కర్లేదు. "ఆకులన్నీ పోయినంక ఈ పూలు యాడికెళ్లి వచ్చినయి?" అని అడిగితే చాలు.

నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. పిల్లలకు కాలం పేరు ఇచ్చి రాయమనకు. ఆ కాలంలో చేతికి దొరికే వస్తువు ఇచ్చి, ఒక్క ప్రశ్న అడుగు.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్న సంగతి. చాలా ఏళ్ల కింద పిల్లలతో కథలు రాయించమని ఒకచోటికి పిలిచారు. బోర్డు మీద 'వానాకాలం' అని రాసి కూర్చున్నాను. వచ్చిన కాగితాలన్నీ ఒకే తీరు: వానాకాలం అంటే నాకు చాలా ఇష్టం, రైతులు సంతోషిస్తారు, చెరువులు నిండుతాయి. ఒక్క పిల్ల మాత్రం "మా రేకుల మీద వాన పడితే అమ్మ తిట్టేది ఇనరాదు" అని రాసింది. నేను ఎర్ర పెన్నుతో 'ఇనరాదు' కొట్టేసి 'వినిపించదు' అని దిద్దాను. ఆ పిల్ల బుద్ధిగా దాన్ని మళ్లీ ఎత్తి రాసింది. తర్వాత రెండు రోజులూ అందరిలాగే రాసింది. మొత్తం కాగితాల్లో ప్రాణమున్న వాక్యం అదొక్కటే, దాన్ని నా చేతులతో నేనే ఆపేశాను. ఆ ఎర్ర గీత నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంటుంది. జనం మాట్లాడే భాషలోనే రాయాలన్న ప్రజాకవి కాళోజీ బతికిన ఊళ్లో ఉంటూ, ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటూ, పిల్ల నోటిమాటను కొట్టేసే హక్కు మనకెక్కడిది? అక్షర దోషాలు తర్వాతెప్పుడైనా దిద్దుకోవచ్చు. మాటను ముట్టుకోకు.

ఇక జాబితా సంగతి. ఆరు రుతువులను పక్కన పెట్టు. మన రైతులు లెక్కపెట్టుకునేది కార్తెలను. ఏడాదికి 27, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. పిల్లకో నోటుబుక్కు కుట్టి, కార్తెకు ఒక్క పేజీ రాయించు. రోజూ రాయించకు, రాతంటే విసుగు పుడుతుంది. పన్నెండు రోజులు చూసి, పదమూడో నాడు రాయనీ.

కార్తెల సామెతలే సగం పని చేసిపెడతాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, మరి ఈ ఎండకు మన ఇంట్లో ఏమేం పగిలాయో రాయమను. మా మనుమడు "ఈ ఎండకు మా గేటు నా చెయ్యి కొరికింది" అన్నాడు. వాడికి అతిశయోక్తి అలంకారమంటే ఏంటో ఎవరూ చెప్పలేదు. ఆరుద్రలో తొలి వానలకు బయటికొచ్చే ఎర్ర మఖ్మల్ పురుగును అరచేతిలో నడిపించుకొని, అది దిగిపోయేదాకా ఏమనిపించిందో రాయమను. ఇప్పుడు నడుస్తున్నది ఉత్తర. "ఉత్తర చూసి ఎత్తర గంప" అని ముసలివాళ్లు అంటుంటారు. ఉత్తరలోనూ వాన పడకపోతే ఇక ఊరు విడిచి బతకపోవాల్సిందే అని దాని అర్థం. సామెత వివరించి ఊరుకోకు. ఇంట్లో గంప తెచ్చి పిల్లల ముందు పెట్టు. "రేపు తెల్లారి పోతున్నం. ఇందులో పట్టినవే తీసుకపోవాలె. ఏం పెడతవు? ఏం ఇడిచిపెడతవు?" అని అడుగు. పెద్దవాడికి ఇది ఇవ్వు. చిన్నదానికి బరువైన ప్రశ్న. ఆమెకు బతుకమ్మ ఉంది.

బతుకమ్మ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నీ జాబితాలో 'బతుకమ్మ పండుగ గురించి వ్యాసం' అని ఒక్క ముక్కే ఉంది. తొమ్మిది రోజుల పండుగకు ఒక్క ముక్కా! పెత్రమాస (భాద్రపద అమావాస్య) నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై చివరి రోజు సద్దుల బతుకమ్మదాకా సాగుతుంది. నడుమ ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు, ఆడరు. ఎవరి మీద అలిగింది? ఏమన్నారని? ఎవరు పోయి బతిమాలితే ఏడో రోజు మళ్లీ వచ్చింది? అలగడం తెలియని పిల్లలుండరు కనుక, ఈ కథ చెప్పలేని పిల్లలూ ఉండరు. చిన్నదానికి రాయడం ఇంకా రాకపోతే ఆమె చెప్తుంటే నువ్వు రాయి, ఒక్క మాట మార్చకుండా.

గునుగు పువ్వు కూడా ఇవ్వు. ఏడాదంతా చేన్లో కలుపు మొక్క అని పీకి గట్టు మీద పారేస్తాం. పండుగొచ్చేసరికి అదే గునుగు కోసం తెల్లారకముందే చేన్ల పడతాం. కట్టలు కట్టి, కొసలు కత్తిరించి, రంగునీళ్లలో ముంచి, తంగేడు వరుస మీద వరుసగా పేరుస్తాం. గునుగుకూ, పక్కనే కాయ పట్టిన పత్తిచెట్టుకూ జగడం పెట్టించు. పువ్వు ఆత్మకథ మాత్రం రాయించకు, 'నేను ఒక పువ్వును' అని మొదలైన కాగితం ఎక్కడికి పోతుందో చదవకముందే తెలుసు. జగడమైతే రెండు గొంతులు కావాలి, ఒకరి మాటకు ఒకరు బదులివ్వాలి, అక్కడే రాత పుడుతుంది.

దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి బంగారం అంటాం. రెండేళ్లకోసారి మాఘంలో మేడారం జాతరకు పోయి, సమ్మక్క సారలమ్మల గద్దెల దగ్గర బెల్లం పెట్టి దాన్నీ బంగారమే అంటాం. కొందరు తమ ఎత్తు బంగారం మొక్కుకుంటారు. ఇన్ని బంగారాలున్న ప్రాంతంలో పుట్టిన పిల్లను "మన ఇంట్ల ఇంకా దేనికి బంగారమని పేరు పెడతవు? ఎవరి చేతుల పెడతవు?" అని అడగడం మరచిపోకు. ఇది పెద్దవాళ్లకూ మంచి ప్రశ్నే. నువ్వూ రాయి.

సంక్రాంతికి సకినాలు చుట్టేటప్పుడు, చుట్టు చుట్టుగా తిరిగే వాక్యం కాగితం మీద రాయించొచ్చు, పిల్లలకు సరదా. మిర్చి కాలంలో ఎనుమాముల మార్కెట్ దిక్కు బండి మీద తీసుకపోయి, కళ్లు మూసుకొమ్మను. ఇంటికొచ్చాక ముక్కుకూ గొంతుకూ తెలిసింది మాత్రమే రాయాలి, ఎరుపు అన్న మాట రాకూడదు. ఎండాకాలం నానమ్మ మామిడికాయ తొక్కు పెడుతుంటే పక్కన కూర్చోబెట్టి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాయించు. చారెడు, పిరికెడు, చిటికెడు అన్న కొలతలు గ్రాముల్లోకి మార్చనీయకు. ఆ కాగితం ఎన్నేళ్లకైనా పనికొస్తుంది.

నీ నలభైలో నీ కళ్లతో చూసినవి పదకొండు కనబడ్డాయి, వాటికి టిక్కు పెట్టి పంపుతున్నాను. ఒడ్ల కుప్ప మీద పిచ్చుకలు, కరెంటు పోయిన రాత్రి డాబా, పాలపిట్ట. పాలపిట్టకు ఒక మాట కలుపుతాను: కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు మామూలు పిట్టలాగే ఉంటుంది, ఎగిరినప్పుడే రెక్కల నీలం బయటపడుతుంది. కూర్చున్న పిట్టకు ఒక వాక్యం, ఎగిరిన పిట్టకు ఒక వాక్యం రాయమను. మిగతా ఇరవై తొమ్మిదీ కొట్టెయ్.

సద్దులకు హనుమకొండ రా. పద్మాక్షి గుట్ట దగ్గర కలుద్దాం. పిల్లల నోటుబుక్కులు తెచ్చుడు మరవకు. బతుకమ్మ ఎవరి మీద అలిగిందని చిన్నది రాసిందో నాకు ముందుగాల ఆమె నోటితోనే వినాలనుంది, నువ్వు ఫోన్లో చెప్పెయ్యకు.

నీ పెద్దమ్మ