గేమ్‌లో దుకాణం: లెక్క ఎక్కడ తప్పుతోంది?

ప్రశ్న: గోడో 4 అనే గేమ్ ఇంజిన్‌తో సొంతంగా ఒక రోల్‌ప్లేయింగ్ గేమ్ చేస్తున్న. దేవరకొండ ఖిల్లా కింద దుకాణం పెట్టిన. జొన్నరొట్టె, గొంగడి, కత్తి అమ్ముతరు. రొట్టె కొంటే దుకాణంలో, సంచిలో రెండు దిక్కులా ఒకటే లెక్క చూపిస్తుంది. ఇంకోటి, దుకాణం తెరవంగనే మొదటి వస్తువు దానంతటదే కొన్నట్టయితది. ఎట్ల సరిచేయాలె?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: 'ఎన్ని ఉన్నాయి' అన్న అంకెను మీరు రొట్టె రిసోర్స్‌లోనే (వస్తువు వివరాలు దాచే ఫైలులోనే) పెట్టి ఉంటారు. ఒకే రిసోర్స్ ఫైలును ఎన్నిచోట్ల లోడ్ చేసినా గోడో మామూలుగా ఒక్క ప్రతినే అందరికీ ఇస్తుంది. డూప్లికేట్ చేయమని చాలామంది చెబుతారు. చేస్తే ఈ తప్పు పోయి మరొకటి వస్తుంది: రెండు రొట్టెలను పోల్చి చూస్తే వేర్వేరని తేలి, సంచిలో ఒకే గడిలో చేరవు. రిసోర్స్‌లో మారనివే ఉంచండి: ఐడీ (వస్తువును గుర్తుపట్టే సంకేతం), పేరు, బొమ్మ, అసలు ధర. లెక్కను దుకాణానికొక డిక్షనరీ (ఒక్కో ఐడీకి ఎదురుగా ఒక అంకె రాసుకునే పట్టిక), సంచికొక డిక్షనరీ పెట్టి ఐడీ మీద రాయండి. సేవ్ ఫైల్లోకి కూడా ఐడీ, అంకె వెళ్తే చాలు. రేపు ధర మార్చినా పాత సేవ్‌లు చెడవు.

రెండోది మీట గొడవ. దుకాణదారుని పలకరించే ఎంటర్‌ను _ఇన్‌పుట్ ఫంక్షన్‌లో పట్టుకుని, అక్కడే మొదటి బటన్‌కు ఫోకస్ ఇస్తే (మీటలు దానికే చేరేలా ఎంచితే), అదే నొక్కుడు ఆ తర్వాత బటన్‌కూ చేరుతుంది. ఆ కోడ్‌ను, బటన్ల వంతు అయ్యాక చివరగా నడిచే _అన్‌హ్యాండిల్డ్_ఇన్‌పుట్‌లోకి మార్చండి. దుకాణం తెరిచినప్పుడు గేమ్‌ను పాజ్ చేస్తుంటే, దుకాణం నోడ్ (గేమ్‌లో దుకాణాన్ని నడిపే భాగం) ప్రాసెస్ మోడ్‌ను 'వెన్ పాజ్డ్'కు, అంటే పాజ్‌లో నడిచేలా పెట్టాలి. లేకుంటే అదీ బిగుసుకుపోతుంది.

మీరు అడగకపోయినా ఒక మాట: పైసలు తీసుకునే పని తెర కోడ్‌లో వద్దు. 'కొను' అని ఒకే ఫంక్షన్ రాసి, పైసలు, సరుకు, సంచిలో చోటు మూడూ ముందే చూసి, అన్నీ సరిపోతేనే పైసలు తగ్గించి వెంటనే వస్తువు ఇవ్వండి. ఈ రెండింటి నడుమ యానిమేషన్ కోసం అవేట్ (అది ముగిసేదాకా ఆగమనే ఆదేశం) పెట్టారా, ఆలోపు ఆట మూసేసినవాడికి పైసలూ పోతాయి, రొట్టే రాదు.

ప్రశ్న: నా గేమ్‌లో దోస్తులు కొన్న దుకాణంలోనే తిరిగి అమ్మి పైసలు గుంజుతున్నరు. అమ్మకం ధర సగమే పెట్టిన గదా?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: తగ్గింపులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయేమో చూడండి. అసలు ధర 100 మాడలనుకుందాం. జాతర తగ్గింపు 40 శాతం పోతే 60. బేరమాడే నైపుణ్యానికి ఇంకో 20 శాతం పోతే 48. అమ్మితే 50. ఒక్కో వస్తువు మీద 2 మాడల లాభం, ఆగకుండా! ఎన్ని తగ్గింపులున్నా కొనే ధర అసలులో 60 శాతం కంటే దిగకుండా, అమ్మే ధర 50 శాతం దాటకుండా కట్టడి చేయండి. అసలు ధర అన్ని ఊళ్లలోనూ ఒకటే ఉంటేనే ఈ లెక్క నిలుస్తుంది. ఇక పైసల అంకెలన్నీ పూర్ణసంఖ్యలే అయితే ఒక చిక్కుంది: గోడోలో కోడ్ రాసే భాష జీడీస్క్రిప్ట్‌లో 1ని 2తో భాగిస్తే 0 వస్తుంది, మీ ఒక్క మాడ రొట్టె ఉత్తపుణ్యానికి పోతుంది. అటువంటి చవక వస్తువులను అమ్మకం జాబితాలోంచే తీసేయడం మేలు.